మేడ మీద అద్దె, కింద రిపేరు: పాత ఇంటికి పన్నులో దొరికే ఆసరా

బెంగళూరులోని పీణ్య పారిశ్రామికవాడ చుట్టుపక్కల లగ్గెరె, హెగ్గనహళ్ళి, రాజగోపాలనగర, చొక్కసంద్ర, టి.దాసరహళ్ళి వీధుల్లో తిరిగితే ఇళ్ళన్నీ ఇంచుమించు ఒకే తీరున కనిపిస్తాయి. ముప్పై బై నలభై అడుగుల సైటు, చాలాచోట్ల అందులో సగమే. కింద ఇంటివాళ్ళు, పైన రెండు మూడు అద్దె పోర్షన్లు, ఆ పైన షీట్లు వేసిన ఒక గది, పక్కనే నీళ్ళ ట్యాంకు. 1970లలో ఇక్కడ ఫ్యాక్టరీలు రావడం మొదలైన తర్వాత అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపుల నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన తెలుగువాళ్ళలో కొందరు కూడబెట్టిన డబ్బుతో ఇలాంటి సైట్లు కొని, ఏడాదికి ఇంత అని కట్టుకుంటూ వచ్చారు. ఇప్పుడా ఇళ్ళకు పాతికేళ్ళు, ముప్పై ఏళ్ళు. బాత్‌రూమ్ గోడకు చెమ్మ, సన్‌షేడ్ కింద పెచ్చులు, ఫ్రిజ్, గీజర్ ఒకేసారి వేస్తే కాలిపోయే వైరింగ్. 2014లో పీణ్య దాకా మెట్రో వచ్చాక అద్దెకు వచ్చేవాళ్ళు కూడా టైల్స్ ఉన్నాయా, బాత్‌రూమ్ లోపలేనా అని అడిగి మరీ చేరుతున్నారు.

రిపేరు తప్పదు. మూడు లక్షలో ఆరు లక్షలో ఖర్చూ తప్పదు. అందులో ప్రభుత్వం వైపు నుంచి ఏమైనా కలిసొస్తుందా అన్నది ఇంటివాళ్ళ ప్రశ్న. వస్తుంది. అయితే చాలామంది వెతికే చోట అది తక్కువగానూ, వెతకని చోట ఎక్కువగానూ ఉంటుంది.

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. అమెరికాలో ఉన్న పిల్లలో బంధువులో ఫోన్‌లో చెబుతుంటారు, ఇంటికి కొత్త కిటికీలు పెట్టించాం, ప్రభుత్వం డబ్బు వెనక్కి ఇచ్చిందని. అది నిజమే. అక్కడ ఇంట్లో కరెంటు, గ్యాస్ ఆదా చేసే పనులకు ఖర్చులో 30 శాతం, ఏడాదికి 1,200 డాలర్ల వరకు, హీట్ పంపు పెడితే 2,000 డాలర్ల వరకు కట్టాల్సిన పన్నులోంచి నేరుగా కొట్టేసేవారు. దాన్నే ట్యాక్స్ క్రెడిట్ అంటారు. 2025 జులైలో వచ్చిన కొత్త చట్టంతో ఆ వెసులుబాటు అదే ఏడాది డిసెంబరు 31తో ముగిసింది. మన దేశంలో ఇల్లు బాగుచేసుకుంటే పన్నులోంచి కొట్టేసే క్రెడిట్ లేదు. ఉన్నది తగ్గింపు. అంటే పన్ను లెక్కకట్టే ఆదాయంలోంచి కొంత తీసేస్తారు. 30 వేల క్రెడిట్ అంటే జేబులో 30 వేలు మిగులుతాయి. 30 వేల తగ్గింపు అంటే, మీరు 20 శాతం స్లాబులో ఉంటే సెస్సుతో కలిపి మిగిలేది 6,240 రూపాయలు. అసలు పన్నే పడని ఆదాయమైతే సున్నా.

ఈ తగ్గింపు కూడా మీరు పెట్టిన ఖర్చుకు రాదు. ఆ ఖర్చు కోసం చేసిన అప్పు మీద వడ్డీకే వస్తుంది. చీటీ పాడుకునో, పీఎఫ్ తీసుకునో, దాచుకున్న డబ్బుతోనో ఇల్లు బాగుచేయించుకున్నవాళ్ళకు ఆ ఏడాది పన్నులో ఒక్క రూపాయి తగ్గదు. ఇక్కడే చాలామందికి నిరాశ ఎదురవుతుంది. మేస్త్రి బిల్లు, సిమెంటు బిల్లు, టైల్స్ బిల్లు పట్టుకుని ఆడిటర్ దగ్గరికి వెళ్తే ఆయన ముందు అడిగేది లోన్ వడ్డీ సర్టిఫికెట్.

పన్ను లెక్కకు పాతది, కొత్తది అని రెండు విధానాలున్నాయి. సొంతంగా ఉంటున్న ఇంటికి, పాత విధానం ఎంచుకున్నవాళ్ళకు నియమం ఇది. పాత ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 24(బి) కింద, రిపేరుకు లేదా రెనొవేషన్‌కు తీసుకున్న అప్పు మీద వడ్డీని ఏడాదికి 30,000 రూపాయల వరకు ఆదాయంలోంచి తీసేయవచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో కొత్త చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి. ఈ విషయంలో సారం అదే. ఇల్లు కొన్న, కట్టిన అప్పు వడ్డీకి ఉన్న 2 లక్షల పరిమితిలోనే ఈ 30 వేలు కూడా ఇమడాలి. హోమ్ లోన్ వడ్డీతోనే 2 లక్షలు నిండిపోయినవాళ్ళకు రిపేరు లోన్ వల్ల అదనంగా ఏమీ రాదు. ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరునా ఉండి, అప్పు కూడా ఇద్దరూ కలిసి తీసుకుని కడుతుంటే ఎవరి పరిమితి వారిదే. ఇద్దరూ పన్ను కట్టేవాళ్ళయితే ఇది గుర్తుంచుకోదగిన మాట. ఇక రిపేరు అప్పులో అసలు కింద కట్టే వాయిదాలను, హోమ్ లోన్ అసలుకు తగ్గింపు ఇచ్చే పాత చట్టం సెక్షన్ 80సి కింద చూపించడం కుదరదు. కట్టడం పూర్తై, మనుషులు కాపురం పెట్టిన ఇంటికి చేసే మార్పులూ మరమ్మతులూ ఆ సెక్షన్ పరిధిలోకి రావని చట్టంలోనే రాసి ఉంది. హోమ్ లోన్‌కు వచ్చింది కదా అని దీనికీ రాసేసి, తర్వాత నోటీసు అందుకునేవాళ్ళు ఉంటారు.

ఈ 30 వేల గురించి ఒక మాట అనకుండా ఉండలేను. 2014లో కొత్త ఇంటి అప్పు వడ్డీ పరిమితిని లక్షన్నర నుంచి 2 లక్షలకు పెంచారు. రిపేరు వడ్డీని ముట్టుకోలేదు. ఈ శతాబ్దం మొదటి ఏళ్ళ నుంచీ అది అక్కడే ఉండిపోయింది. ధరల పెరుగుదలను లెక్కగట్టడానికి ఆదాయపు పన్ను శాఖే వాడే సూచీ 2001-02లో 100 అయితే, 2025-26లో 376. ఆ సూచీ ప్రకారమే చూస్తే ఆనాటి 30 వేలు 2025-26 నాటికే 1,12,800 కావాలి. కొత్త ఫ్లాటు కొనేవాడికి దొరికే ఆదరణ పాత ఇంటిని నిలబెట్టుకునేవాడికి దొరకడం లేదు. హెగ్గనహళ్ళి లాంటి చోట చెమ్మ పట్టిన గోడను ఏటికేడు వాయిదా వేస్తున్న కుటుంబాలకు ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

ఇప్పుడు మేడ మీదికి వెళ్దాం. అద్దెకిచ్చిన ఇంటికి ఈ 30 వేల పరిమితి వర్తించదు. రిపేరు కోసం తీసుకున్న అప్పు మీద వడ్డీ మొత్తాన్నీ అద్దె ఆదాయంలోంచి తీసేయవచ్చు. కింద మీరుండి పైన అద్దెకిచ్చిన ఇంట్లో, వేరు వేరు గుమ్మాలూ వంటిళ్ళూ కరెంటు మీటర్లూ ఉన్న పోర్షన్లను పన్ను లెక్కలో విడివిడి ఇళ్ళుగానే చూస్తారు. కాబట్టి అప్పులో ఎంత కింద ఖర్చయింది, ఎంత పైన ఖర్చయింది అన్నది విడదీయడం మీ చేతుల్లో ఉంది. పని మొదలుపెట్టకముందే మేస్త్రి దగ్గర పై ఇంటికి వేరుగా, కింది ఇంటికి వేరుగా ఎస్టిమేట్ రాయించుకుని, బిల్లులు కూడా అలాగే విడిగా తీసుకుంటే లెక్క చూపించడం తేలిక.

ఒక ఇంటిని ఊహించుకుని లెక్క వేద్దాం. పైన రెండు పోర్షన్లు, ఒక్కోదానికి నెలకు 9,000 అద్దె. ఏడాదికి 2,16,000. పై భాగానికి కట్టిన ఆస్తి పన్ను, ఇక్కడివాళ్ళు కందాయం అనేది, 6,000 అనుకుందాం. అది పోతే 2,10,000. దీంట్లో 30 శాతం, అంటే 63,000, స్టాండర్డ్ డిడక్షన్. ఈ 30 శాతం రిపేర్ల కోసమని ఇచ్చేదే. మీరు ఆ ఏడాది సున్నం కూడా వేయకపోయినా వస్తుంది, నాలుగు లక్షలు ఖర్చు పెట్టినా అంతే వస్తుంది. బిల్లు చూపించనక్కర్లేదు. మిగిలింది 1,47,000. ఇప్పుడు 10 శాతం వడ్డీకి 6 లక్షల అప్పు తెచ్చి, 4 లక్షలు పైన, 2 లక్షలు కింద పెట్టారనుకుందాం. మొదటి ఏడాది వడ్డీ సుమారు 60,000. అందులో పై ఇంటి వాటా 40,000 తీసేస్తే అద్దె ఆదాయం 1,07,000కు దిగుతుంది. కింది ఇంటి వాటా 20,000. పాత పన్ను విధానంలో ఉంటే అదీ పోయి 87,000. మొత్తం 6 లక్షలూ సొంత ఇంటి రిపేరు అని గంపగుత్తగా చూపించి ఉంటే 60 వేలల్లో 30 వేలకు మించి వచ్చేది కాదు.

కొత్త పన్ను విధానంలో కింది ఇంటి 20 వేలు రావు. సొంతంగా ఉండే ఇంటి మీద వడ్డీ తగ్గింపును అందులో తీసేశారు. అద్దె ఇంటికి మాత్రం 30 శాతమూ వడ్డీ రెండూ వస్తాయి. వడ్డీ ఎక్కువై ఇంటి మీద నష్టం తేలితే ఆ నష్టాన్ని జీతంలోంచి తీసేయడం కొత్త విధానంలో కుదరదు. పాత విధానంలో 2 లక్షల వరకు కుదురుతుంది.

కొత్త విధానంలో ఉన్నవాళ్ళు జాగ్రత్తగా చూసుకోవాల్సిన గీత ఒకటుంది. మొత్తం ఆదాయం 12 లక్షల లోపు ఉంటే రిబేటు వల్ల పన్ను పడదు. జీతం 7 లక్షలు, అద్దె మీద లక్షన్నర ఉన్న కుటుంబానికి ఎలాగూ పన్ను సున్నా. వాళ్ళకు వడ్డీ తగ్గింపు వల్ల ఒరిగేదేమీ లేదు. పన్ను కోసమని అప్పు కాగితాలు సర్దుకునే శ్రమ కూడా వాళ్ళకు అనవసరం. అదే జీతమూ అద్దె కలిపి లెక్క 12,30,000 దగ్గర తేలిన ఇంట్లో సంగతి వేరు. స్లాబుల ప్రకారం పన్ను 64,500 పడాలి. 12 లక్షలు దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ ఉండకూడదన్న నియమం వల్ల అది 30,000కు తగ్గుతుంది. సెస్సుతో 31,200. పై ఇంటి రిపేరు వడ్డీ 40,000 ఇంకా తీసేయకుండా వచ్చిన లెక్క ఇదైతే, తీసేశాక ఆదాయం 11,90,000 అవుతుంది, పన్ను పూర్తిగా పోతుంది. అదే 40 వేల వడ్డీ ఒక ఇంటికి ఏమీ ఇవ్వలేదు, ఇంకో ఇంటికి 31 వేలు మిగిల్చింది. కాబట్టి పక్కింటివాళ్ళకు ఎంత కలిసొచ్చిందన్న మాట మీకు పనికిరాదు. మీ ఆదాయం ఏ గీత దగ్గరుందో అదే చూసుకోవాలి. జీతం మీద బతికేవాళ్ళు పాత, కొత్త విధానాల్లో ఏది లాభమో ఏటా రిటర్న్ వేసేటప్పుడు ఎంచుకోవచ్చు. షెడ్డు పెట్టుకుని లేత్ మిషన్లు నడిపేవాళ్ళకు, అంటే వ్యాపార ఆదాయం ఉన్నవాళ్ళకు, ఏటా అటూ ఇటూ మారే వీలు లేదు. వాళ్ళు ఆడిటర్‌తో కూర్చుని నాలుగైదేళ్ళ లెక్క చూసుకున్నాకే కదలాలి.

బెంగళూరులో అద్దెకు బదులు లీజుకిచ్చే అలవాటు బాగా ఉంది. ఐదారు లక్షలు ఒకేసారి తీసుకుని, రెండు మూడేళ్ళు ఉండనిచ్చి, ఖాళీ చేసేటప్పుడు మొత్తం తిరిగిస్తారు. ఆ లీజు డబ్బుతోనే రిపేరు చేయించేవాళ్ళూ ఉన్నారు. నెలనెలా అద్దె రావడం లేదు కాబట్టి ఆదాయం లేనట్టేనని అనుకుంటారు. ఆ ఇంటికి మామూలుగా ఎంత అద్దె రాగలదో ఆ మొత్తాన్ని చట్టం ఆదాయంగా చూస్తుంది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే మంచిది.

అప్పు ఎక్కడ తెచ్చారన్నది వడ్డీ తగ్గింపుకు అడ్డం కాదు. బ్యాంకు హోమ్ ఇంప్రూవ్‌మెంట్ లోన్ అయినా, పర్సనల్ లోన్ అయినా, నగలు కుదువపెట్టి తెచ్చిన గోల్డ్ లోన్ అయినా, ఆ డబ్బు ఇంటి రిపేరుకే ఖర్చయిందని చూపించగలిగితే చాలు. బి ఖాతా ఇళ్ళు, అంటే అనుమతులు పూర్తిగా సరిగా లేక వేరే రిజిస్టరులో నమోదైన ఇళ్ళు, ఎక్కువగా ఉన్న ఈ ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు. బి ఖాతా చూస్తే చాలా బ్యాంకులు ఇంటి మీద లోన్ ఇవ్వడానికి వెనకాడతాయి, అందుకే ఇంటివాళ్ళు బంగారం వైపు వెళ్తారు. బావమరిది దగ్గరో స్నేహితుడి దగ్గరో వడ్డీకి తెచ్చుకున్నా అభ్యంతరం లేదు, కానీ 20,000, అంతకు మించిన అప్పు నగదుగా తీసుకోకూడదు, బ్యాంకు ద్వారానే రావాలి. వడ్డీ కూడా బ్యాంకు ద్వారానే కట్టి, ఇచ్చినవారి దగ్గర సర్టిఫికెట్ రాయించుకోవాలి. గోల్డ్ లోన్ డబ్బు అకౌంట్‌లో పడిన రోజు నుంచి మేస్త్రికీ సామాన్ల షాపులకూ అదే అకౌంట్ నుంచి పంపితే తర్వాత ఎవరడిగినా పాస్‌బుక్కే సమాధానం చెబుతుంది.

తగ్గింపు వస్తుంది కదా అని, చేతిలో డబ్బుండి కూడా అప్పు చేయమని సలహా ఇచ్చేవాళ్ళను మాత్రం నమ్మకండి. పై ఉదాహరణలో ఏడాదికి 60 వేల వడ్డీ కట్టారు. పాత విధానంలో 20 శాతం స్లాబులో ఉంటే మొత్తం కలిసొచ్చేది 12,480. మిగతా 47,520 మీ జేబులోంచే పోతుంది. ఎలాగూ అప్పు చేయక తప్పని ఇంటికి ఇది కొంత ఊరట. అంతకు మించి ఏమీ కాదు.

నేరుగా డబ్బు చేతికి వచ్చేది ఒక్క పనికే, మేడ మీద సోలార్. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 వరకు సబ్సిడీ ఇస్తారు. మూడు కిలోవాట్లు దాటి ఎంత పెట్టినా అంతే. మీ పన్ను స్లాబుతో దీనికి సంబంధం లేదు, పన్ను కట్టనివాళ్ళకూ వస్తుంది. ప్యానెళ్ళు పెట్టించి, విద్యుత్ సంస్థ బెస్కాం నెట్ మీటర్ బిగించి, పని పూర్తయిందని నమోదయ్యాక సబ్సిడీ బ్యాంకు ఖాతాలో పడుతుంది. ముందు డబ్బు మీరే సర్దుకోవాలి. పీణ్య చుట్టుపక్కల ఇళ్ళకు ఇంకో లెక్క కూడా ఉంది. 2023 నుంచి కర్ణాటకలో గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే చాలా ఇళ్ళకు బిల్లు సున్నా వస్తోంది. ఇప్పటికే సున్నా బిల్లు వస్తున్న ఇంటికి 78 వేలు ఇస్తారని సోలార్ పెట్టించడంలో తొందర అక్కర్లేదు. నెలకు 250, 300 యూనిట్లు దాటి పూర్తి బిల్లు కడుతున్న ఇంటికి అది బాగా ఉపయోగం. ఎలాగూ మేడకు వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తున్నవాళ్ళు సోలార్ స్టాండ్ల కాళ్ళు ఎక్కడ వస్తాయో ముందే తేల్చుకుని, ఆ కాళ్ళు బిగించాకే పూత వేయించాలి. పూత వేశాక స్లాబుకు బోల్టులు దింపితే మళ్ళీ చెమ్మ దిగుతుంది.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన గురించి చాలామంది అడుగుతారు. 2024లో మొదలైన రెండో విడత దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్ళకు. ఇల్లున్నవాళ్ళ రిపేరుకు అది పనికిరాదు. ఎవరూ దరఖాస్తు పెట్టకుండానే అందిన సాయం ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీని 28 శాతం నుంచి 18కి, సోలార్ పరికరాల మీద 12 నుంచి 5కి తగ్గించారు. పన్ను కాకుండా లక్ష రూపాయల సిమెంటు కొంటే 10 వేలు తేడా. పాత రేటుతో వేసిన ఎస్టిమేట్ మీ దగ్గరుంటే మళ్ళీ వేయించండి.

చివరగా, బిల్లులు. పై అంతస్తు వేయడం, కొత్త గది కట్టడం, షీటు తీసి స్లాబు పోయడం లాంటి ఖర్చులు ఆ ఏడాది పన్నులో ఏమీ తగ్గించకపోవచ్చు. కానీ ఇల్లు అమ్మే రోజున అవి ఇంటి విలువకు కలుస్తాయి, లాభం తగ్గుతుంది, ఆ లాభం మీద పడే పన్నూ తగ్గుతుంది. రంగులు, చిల్లర రిపేర్లు ఇందులోకి రావు. 2024 జులై 23కు ముందు కొన్న ఇంటిని మన దేశంలోనే నివసించే వ్యక్తి అమ్మితే రెండు లెక్కలు వేసి, ఏది తక్కువైతే ఆ పన్ను కట్టవచ్చు. ఒకటి పైన చెప్పిన ధరల సూచీ లేకుండా 12.5 శాతం, రెండోది సూచీతో 20 శాతం. సూచీ 200 ఉన్న 2012-13లో 8 లక్షలు పెట్టి పై అంతస్తు వేసినవాళ్ళు 2025-26లో ఇల్లు అమ్మి ఉంటే, రెండో లెక్కలో ఆ 8 లక్షలు 15,04,000గా లెక్కకు వచ్చేవి. ఆ ఒక్క పద్దు మీదే 20 శాతం చొప్పున 3 లక్షల పైచిలుకు పన్ను తప్పేది. బిల్లులు లేకపోతే అది చూపించడం చాలా కష్టం.

2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఇళ్ళకు ఆ తేదీ నాటి మార్కెట్ విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, అయితే అది ఆనాటి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ విలువను దాటకూడదు. ఆ తేదీకి ముందు చేసిన కట్టుబడి లెక్కకు రాదు, తర్వాత చేసింది వస్తుంది. ఇల్లు తండ్రి నుంచి వారసత్వంగా వచ్చి, కొడుకో కూతురో అమ్మితే తండ్రి చేయించిన కట్టుబడి ఖర్చు కూడా వాళ్ళ లెక్కలోకి వస్తుంది. అందుకని పెద్దవాళ్ళు మేస్త్రికి ఇచ్చిన డబ్బు పద్దులు, ఇనుము, సిమెంటు షాపుల రసీదులు, లోన్ కాగితాలు, ఆ ఏడాది బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇంటి పత్రాలతో పాటే ఒకే ఫైల్లో పెట్టి పిల్లలకు అప్పజెప్పాలి. థర్మల్ కాగితం మీద వచ్చే రసీదుల అక్షరాలు రెండేళ్ళలో మాసిపోతాయి. వాటిని ఆ నెలలోనే జిరాక్స్ తీయించుకోవాలి.

కొత్త పోర్షన్ వేశాక కందాయం లెక్కలో ఆ చదరపు అడుగులు చేర్పించడం కూడా మరిచిపోకూడదు. స్వయంగా ప్రకటించి కట్టే పన్ను ఇది. మీరుండే భాగానికి ఒక రేటు, అద్దెకిచ్చిన భాగానికి అంతకంటే ఎక్కువ రేటు. చేర్పిస్తే పన్ను పెరుగుతుంది, నిజమే. కానీ ఆదాయపు పన్ను లెక్కలో అద్దె ఆదాయంలోంచి మొదట తీసేసేది ఆ ఏడాది మీరు కట్టిన కందాయాన్నే. ఇంటి మీద లోన్ కోసం బ్యాంకుకు వెళ్ళినా, రేపు ఇల్లు అమ్మబోయినా, కట్టడం ఎంత, ఎప్పుడు వేశారు అన్నదానికి అడిగే మొదటి కాగితాల్లో ఆ రసీదు ఒకటి.